పడిన మాట దాచరాదు

పసిబిడ్డ తప్పటడుగులు వేయుచు పడినప్పుడు ఇల్లంతయు పరుగెత్తును. తల్లి యెత్తుకొనును. అమ్మమ్మ నేలను కొట్టి బిడ్డను నవ్వించును. తాత చేతులు చాచి "ఇంకొక అడుగు వేయుము" అని పిలుచును. అడుగులకు అరిసెలు వండి వీధివారికి పంచిపెట్టు ఆచారము మనది. ఆ బిడ్డయే డెబ్బదియేండ్లు గడచిన పిమ్మట కాలుజారి పడినచో ఏమి చేయును? మొదట నలుదిక్కులు చూచును. ఎవ్వరును చూడలేదని నిశ్చయము చేసికొని, గోడ పట్టుకొని మెల్లగా లేచి, చీర సవరించుకొని, ఏమియు జరుగనట్లు వచ్చి కూర్చుండును. బాల్యమున పడుట కంత ముచ్చటయు, వార్ధకమున పడుట కింత సిగ్గును ఎందుకు కలిగెనో మనము విచారింపవలసి యున్నది.

సోదరీమణులారా! ఇది వేడుకగా చదువుకొనదగిన విషయము కాదని నేనెరుగుదును. అయినను పెద్దలున్న ఇంటిలో ఇది దినదినమును ఎదుట నిలుచు విషయము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కను బట్టి, లోకమున ఏటేట 6,84,000 మంది క్రిందపడుటచేతనే మరణించుచున్నారు. అనుకోని ప్రమాదములవలన కలుగు మరణములలో దారిప్రమాదముల తరువాత స్థానము దీనిదే. ప్రాణము కోల్పోవువారిలో అరువదియేండ్లు దాటినవారే అధికులు. మృతులలో నూటికి ఎనుబదిమందికి పైగా మనవంటి అల్పాదాయ, సామాన్యాదాయ దేశములవారు. అరువదియైదేండ్లు దాటినవారిలో ప్రతి సంవత్సరమును నూటికి 28 మొదలు 35 మంది వరకు పడుచున్నారని అదే సంస్థ 2007లో ప్రకటించినది. అనగా ముగ్గురు వృద్ధులలో ఇంచుమించుగా ఒకరు. ఈ లెక్కను మనసున నుంచుకొని మీ వీధిలోని పెద్దలను ఒక్కసారి తలచుకొనుడు. ఈ యేడు తాము పడితిమని మీతో చెప్పినవారెందరు? చెప్పినవారు కొందరే యుందురు. దాచినవారు ఎందరో!

పడినప్పుడు తగిలిన దెబ్బకంటె చూచినవారి నవ్వు ఎక్కువ బాధించునని మన భారతము చెప్పుచున్నది. నా చదువు ఇంటి చదువు. మా తండ్రిగారు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని భారత భాగవతములు చెప్పిరి. సభాపర్వమున మయసభా ఘట్టము వచ్చినది. దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరని భ్రమపడి వస్త్రము పైకెత్తుకొనెను. నీటిని చూచి నేల యనుకొని అడుగువేసి పడెను. చూచినవారు నవ్విరి. "తడిసినందుకు కాదమ్మా, నవ్వినందుకు ఆతని కడుపు మండినది" అని మా తండ్రిగారు చెప్పిన మాట నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఆ మంట జూదమునకును, జూదము యుద్ధమునకును దారితీసెను. రారాజునకే అంత సిగ్గు కలిగినప్పుడు, కోడండ్ర యెదుటను మనుమల యెదుటను పడిన ముసలితల్లి ఎంత సిగ్గుపడునో ఊహింపుడు. మన ఇండ్లలో క్రొత్తగా పరచుచున్న నున్నని టైల్సును చూచినప్పుడెల్ల నాకా మయసభయే తోచును. నేలమీద తడి యున్నదో లేదో కంటికి తెలియదు. కాలికి తెలియును గాని, తెలియునప్పటికి ఆలస్యమైపోవును.

మా ఇల్లు మేడ్చలులో నున్నది. మా వారు బడిలో ఉపాధ్యాయులు. మామగారు కట్టించిన పాత భాగమునకు షాబాదు బండల నేల, మేము తరువాత కలుపుకొన్న భాగమునకు టైల్సు నేల. ఈ రెంటికిని నడుమ రెండంగుళముల ఎత్తు. మా అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి ముగ్గువేయనిదే వారికి తోచదు. శామీరుపేట దాపుననున్న పల్లెలో తమ చెల్లెలున్నది. నెలకొకసారి ఒంటరిగా బస్సెక్కి పోయి, రెండు దినములుండి వచ్చుట వారికలవాటు. ఇక జొన్నరొట్టె వారు చేసినంత పలుచగా మా ఇంట మరియెవ్వరును చేయలేరు.

పోయిన వానకాలమున ఒకనాటి సాయంకాలము వారు పొయ్యికడ కూర్చుండి రొట్టెపిండిని ఎడమచేతితో తట్టుచుండిరి. కుడిచేయి ఒడిలో నుండెను. ఏమైనదని నేనడిగితిని. "ఏం లేదు బిడ్డా, జర చెయ్యి నొస్తుంది, గంతే" అని కొంగుతో మణికట్టును కప్పుకొనిరి. కొంగు తొలగించి చూచితిని. చేయి వాచి, కమిలి నల్లబడి యున్నది. వైద్యశాలకు తీసికొనిపోగా మణికట్టు నెముక విరిగి అయిదారు దినములైనదని చెప్పి కట్టు కట్టిరి. జాలారిలో సబ్బునీటిపై కాలుజారినదట. అరచేయి నేలకానించి పడిరట. గోలెము అంచు పట్టుకొని తామే లేచిరట. ఆ అయిదు దినములును వాకిలి ఊడ్చుట మానలేదు.

ఆ రాత్రి నేను వారి మంచముకడ కూర్చుండి "అత్తమ్మా, ఎందుకు చెప్పలేదు?" అని అడిగితిని. చాలసేపు మాటాడలేదు. పిమ్మట "చెప్తే నన్ను గూడ మంచంల గూసోబెడ్తరని భయమైంది బిడ్డా" అనిరి.

"నన్ను గూడ" అన్న మాట వెనుక ఒక కథ యున్నది. మా వీధిలో ఒక పెద్దామె కొన్నియేండ్ల క్రిందట గడప తట్టుకొని పడెను. ఎముక విరుగలేదు. కాని కొడుకులు భయపడిరి. "ఇక నీవు లేవవద్దు, కావలసినది మేమే తెచ్చి యిచ్చెదము" అని ప్రేమతోనే చెప్పిరి. నీళ్లు మంచముకడకు వచ్చెను. కంచము మంచముకడకు వచ్చెను. కొన్ని నెలలకు ఆమె కాళ్లు సన్నబడెను. మరికొన్ని నెలలకు లేచి నిలుచుటకు ఇద్దరు పట్టవలసి వచ్చెను. ఒకనాటి రాత్రి ఎవ్వరి నిద్రయు చెరుపుట కిష్టములేక తానే లేవబోయి పడెను. ఆ పర్యాయము తుంటి విరిగెను. ఏడాది తిరుగకముందే ఆమె కాలము చేసెను. మా అత్తగారు ప్రతిదినమును పోయి ఆ మంచముకడ కూర్చుండి వచ్చెడివారు. అక్కడ చూచినదానిని వారు మరువలేదు. తమ నడకను కాపాడుకొనుటకే విరిగిన చేతిని అయిదు దినములు కొంగున దాచిరి.

ఈ భయమునకు కారణము లేకపోలేదు. వాడని కండ కరగిపోవును. వృద్ధులకు మరింత త్వరగా కరగును. ఆరోగ్యవంతులైన కొందరు వృద్ధులను కేవలము పదిదినములు మంచముపై నుంచి పరీక్షింపగా, వారి కాళ్ల కండలో దాదాపు ఒక కిలో తగ్గినదని 2007లో అమెరికా దేశమునందు ప్రకటించిరి. పదిదినములలోనే అంత తగ్గినచో పదినెలలలో ఏమగును? పడుదురేమో యని కూర్చుండబెట్టుదుము. కూర్చుండుటచేత కాళ్లు బలహీనపడును. బలహీనపడిన కాళ్లు మరల పడద్రోయును. ఈ చక్రమును త్రిప్పునది మన ప్రేమయే యని తెలిసినప్పుడు, ఆ ప్రేమను మరియొక దారికి మరల్చవలెను.

పడుట ఒంటరివారికో, చూచువారు లేనివారికో మాత్రమే సంభవించునని తలపరాదు. మా ప్రాంతమున అందరు నెరిగిన ఉదాహరణమొకటి యున్నది. 2014 మొదలు 2023 వరకు తెలంగాణమునకు ముఖ్యమంత్రిగా నుండిన కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు 2023 డిసెంబరు 7వ తేదీ రాత్రి ఎర్రవల్లిలోని తమ వ్యవసాయక్షేత్ర గృహమునందు కాలుజారి పడిరి. ఎర్రవల్లి సిద్దిపేట జిల్లాలోనిది. శామీరుపేట దాటి రాజీవ రహదారి వెంబడి పోవు దిక్కున నున్నది. అప్పటికి వారికి 69 ఏండ్లు. ఎడమ తుంటి విరిగినదని తేలి, మరునాడే హైదరాబాదు సోమాజిగూడలోని యశోదా వైద్యశాలయందు తుంటి కీలు మార్చు శస్త్రచికిత్స జరిగినది. రాజకీయముల కొరకు నేనీ మాట ఎత్తుటలేదు. పరివారమునకు కొదువ లేని ఇంట కూడ ఒక్క తప్పుటడుగు చాలునని చెప్పుటకు ఎత్తితిని. చూడవలసినది మరియొకటి యున్నది. శస్త్రచికిత్స జరిగిన మరునాడే వైద్యులు వారిని ఊతపు చట్రము పట్టించి నడిపించిరి. 2024 ఫిబ్రవరి 1వ తేదీన వారు చేతికర్రతో శాసనసభకు వచ్చి సభ్యునిగా ప్రమాణము చేసిరి. తుంటి విరిగినవారినే అంత త్వరగా నడిపించుచుండగా, ఎముక విరుగనివారిని మంచమునకు కట్టివేయుట ఏమి న్యాయము?

చేతికర్రను గూర్చియు ఒక మాట చెప్పవలెను. చేతికర్ర పట్టుమన్నచో మన పెద్దలు చిన్నబుచ్చుకొందురు. మా అత్తగారును మొదట చిన్నబుచ్చుకొనిరి. వామనమూర్తి దండము పట్టలేదా, యతులు దండము పట్టుటలేదా, దండము పెద్దరికమునకు గురుతు గాని లోపమునకు గురుతు కాదుగదా యని నేను చెప్పగా నవ్వి, "సరే తియ్, నన్ను గూడ సన్యాసిని జెయ్యి" అనిరి. కర్ర ఎత్తు సరిగా నుండవలెను. నిలుచుండి చేయి క్రిందికి విడిచినప్పుడు మణికట్టు గీతకు కర్రపిడి అందవలెను. కర్ర అడుగున రబ్బరు తొడుగు ఉండవలెను. అది అరిగినప్పుడు మార్చవలెను. కాలు నొప్పియున్నచో నొప్పిలేని వైపు చేత కర్ర పట్టవలెను.

కట్టు విప్పకముందే మేము ముగ్గురము, నేనును మా వారును అత్తగారును, కూర్చుండి ఒక ఒప్పందము చేసికొంటిమి. వారు పడినచో, పడబోయి నిలద్రొక్కుకొన్నను, ఆనాడే చెప్పవలెను. చెప్పినందుకు మేము వారి నడకను గాని, వాకిలి పనిని గాని, శామీరుపేట ప్రయాణమును గాని మాన్పింపరాదు. ఎక్కడ, ఎట్లు, ఏ సమయమున పడిరో విచారించి, ఆ కారణమును మాత్రము తొలగింపవలెను. పిల్లలకును ఒక మాట చెప్పితిమి. ఈ ఇంట పడినవారిని చూచి ఎవ్వరును నవ్వరాదు. ఈ ఒప్పందమునకు పైసా ఖర్చు లేదు. తక్కిన పనులన్నియు దీని తరువాతనే.

మొదట జాలారిని చూచితిమి. గోడకు గట్టి ఇనుప కమ్మిని మరలతో బిగింపించితిమి. తువాలు వేసికొను కమ్మి మనిషి బరువును మోయలేదు. దానిని నమ్మి పడినవారు కలరు. స్నానమునకు తక్కువ పీట తీసివేసి, చేతులున్న కుర్చీ వేసితిమి. నున్నని నేలపై కాలు పట్టునిచ్చు రబ్బరు చాప పరచి, వారమునకు రెండుమారులు దానిని తోమి ఎండబెట్టుచున్నాము. పాకుడు పట్టిన చాప టైల్సుకంటెను ప్రమాదకరము. తలుపు గడియ అవసరమైనప్పుడు బయటినుండియు తీయుటకు వీలుగా మార్పించితిమి.

తరువాత గడపలు. మన పెద్దలు గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టు ఆచారము పెట్టిరి. శుభము కొరకే యైనను, చూపు మందగించినవారికి ఎత్తు ఎక్కడ నున్నదో తెలియుటకు ఆ పసుపు ఎంతయో సాయపడును. ఇప్పుడు గడపలే లేని గదులలో, ఒకే రంగు టైల్సు నడుమ రెండంగుళముల ఎత్తు ఎవ్వరికిని కనబడదు. మా ఇంటి రెండు నేలలు కలియుచోట మా వారు పసుపుపచ్చని రంగుపట్టె వేసిరి. మెట్ల అంచులకును అట్లే వేసిరి. మంచమునుండి జాలారి వరకు రాత్రియంతయు వెలుగు చిన్న దీపము పెట్టితిమి. నేలపై ప్రాకుచుండిన విద్యుత్తీగలను గోడవెంబడి కట్టితిమి. జరగిపోవు గోనెపట్టాలను తీసివేసితిమి. నడక దారిలో పిల్లల సంచులు, చెంబులు, పీటలు ఉండరాదని నియమము పెట్టితిమి. నిత్యము చేతికి కావలసిన డబ్బాలను అటకనుండి దించి నడుమెత్తున నుంచితిమి. వాటి కొరకు పీట యెక్కవలసిన పని తప్పినది.

ఇల్లు సరియైన పిమ్మట మనిషిని చూడవలెను. చీర అంచు నేలను తుడువక రెండంగుళములు పైకుండవలెను. అరిగిన హవాయి చెప్పులకు బదులు వెనుక పట్టీయు, గరుకు అడుగును గల చెప్పులు తొడుగవలెను. పడక నుండి ఒక్క పెట్టున లేవరాదు. లేచునప్పుడు రక్తపుపోటు తగ్గి కన్నులు తిరుగుట ముసలితనమున సాధారణము. లేచి కూర్చుండి, కాళ్లు క్రిందికి వ్రేలవేసి, పాదములను కొంతసేపు కదల్చి, అటుపిమ్మట నిలుచుండవలెను. నిలుచున్న చోటనే ఒకింత తాళి, తరువాత అడుగు వేయవలెను. రక్తపుపోటునకును, నిద్రకును, మధుమేహమునకును మ్రింగు మాత్రలలో కొన్ని తూలింపును కలిగింపగలవు. వాటినన్నిటిని ఒక సంచిలో వేసికొని ఏడాదికొకసారియైన వైద్యునకు చూపి, ఏది అవసరము, ఏది తగ్గింపదగినది యని అడుగవలెను. మనంతట మనము మాన్పరాదు. కన్నులను ఏటేట పరీక్షింపింపవలెను. చదువుటకును దూరము చూచుటకును ఒకే అద్దమున రెండు చూపులు గల కండ్లజోడు పెట్టుకొనువారు మెట్లు దిగునప్పుడు, క్రింది భాగమునుండి చూచుటవలన మెట్టు మసకగా కనబడును. అట్టివారు తల వంచి పైభాగమునుండి చూచి దిగవలెను.

ఆహారము మాట. ఎముకకు కావలసిన కాల్షియము మనము తిను తెల్లబియ్యమున మిక్కిలి తక్కువ. నూరు గ్రాముల బియ్యమున పది మిల్లిగ్రాములకు లోపే. అంతే తూకము రాగులలో 364 మిల్లిగ్రాములు. ఈ లెక్క హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన ఆహారపట్టికలోనిది. రాగిసంగటియో, రాగిజావయో, పాలును పెరుగును, నువ్వులును, ఆకుకూరలును పెద్దలకు ప్రతిదినమును అందవలెను. కండకు పప్పు, గ్రుడ్డు వంటివి కావలెను. సాధారణముగా ఇంటి ఆడవారు అందరును తిన్న పిమ్మట మిగిలినది తిందురు. పెద్దవారు "నాకాకలి లేదు" అని చారన్నముతో సరిపెట్టుకొందురు. వారి ముంగిట కంచము మనమే పెట్టవలెను. ఎండపొడ తగులునట్లు కొంతసేపు బయట కూర్చుండుట కూడ ఎముకకు మేలు.

ఇన్నిటికంటెను ఫలమిచ్చునది కాళ్లకు పని కల్పించుట. న్యూజీలండు దేశపు ఒటాగో విశ్వవిద్యాలయమువారు ఎనుబదియేండ్లు దాటిన 233 మంది స్త్రీలను తీసికొని, వారిలో కొందరికి ఇంటిలోనే చేయదగిన కాళ్ల వ్యాయామములను, నిలుకడ వ్యాయామములను నేర్పిరి. నేర్చినవారు తక్కినవారికంటె తక్కువగా పడిరని 1997లో ప్రకటించిరి. 2019లో కోక్రేన్ సంస్థవారు ఇట్టి పరీక్షలను 108 సమీక్షించి, వ్యాయామమువలన పడుట నూటికి 23 వంతులు తగ్గుచున్నదని తేల్చిరి. ఎనుబదియేండ్ల వయసున గూడ కాళ్లు నేర్చుకొనుననుట ఎంత ధైర్యమునిచ్చు మాట!

మా అత్తగారు చేయునవి మూడే. వంటయింటి గట్టు పట్టుకొని మడమలు పైకెత్తి దింపుట. గట్టు పట్టుకొనియే ఒక కాలిపై కొంతసేపు నిలుచుట. చేతుల ఊత తగ్గించుకొనుచు కుర్చీనుండి పదిమారులు లేచి కూర్చుండుట. అన్నము ఉడుకులోపల ఇవి ముగియును. నేనును వారితోపాటు చేయుదును. వారి ప్రక్కన నిలుచుండుట నా పని.

మీ యింటి పెద్దల నడక ఎట్లున్నదో తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష గలదు. కుర్చీలో కూర్చుండబెట్టి, లేచి పదియడుగుల కొలత దూరము మామూలుగా నడచి, వెనుకకు తిరిగి వచ్చి కూర్చుండుమనవలెను. గడియారము చూచుచు మీరు ప్రక్కనే నిలుచుండవలెను. పండ్రెండు సెకనులుగాని అంతకు మించిగాని పట్టినచో, పడు అపాయమున్నదని తెలిసికొని వైద్యుని సలహా తీసికొనవలెను.

ఇన్ని చేసినను పడరని ఎవ్వరు చెప్పగలరు? పడినప్పుడు చేయవలసినదియు తెలిసియుండవలెను. మొట్టమొదట చేయరాని పని యేమనగా, కంగారుపడి చంకలక్రింద చేతులు వేసి లేవదీయుట. వారిని ఉన్నచోటనే ఉంచి, ఎక్కడ నొప్పి యున్నది, కాళ్లుచేతులు కదలుచున్నవా, తలకు తగిలినదా యని అడుగవలెను. ఒక కాలు పొట్టియైనట్లుండి పాదము బయటికి తిరిగియున్నచో తుంటి విరిగియుండును. అప్పుడు కదల్పక, దుప్పటి కప్పి, 108కి ఫోను చేయవలెను. ఆ సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున మొదలైనది. దానిని ఆరంభించిన ఈ.ఎం.ఆర్.ఐ. సంస్థ ప్రధానస్థానము మా మేడ్చలు దారిలోని దేవరయాంజాలున నున్నదని చెప్పుకొనుట మాకు గర్వము. తలకు దెబ్బ తగిలినవారిని, అందును రక్తము పలుచబరచు మందు వాడువారిని, అప్పటికి బాగుగానే యున్నను వైద్యునకు చూపవలెను. ఆ తరువాత కొన్ని వారములవరకు తలనొప్పి, మగత, మాట తడబాటు కలుగుచున్నవేమో కనిపెట్టుచుండవలెను. లోపల రక్తము మెల్లగా చేరు ప్రమాదము కలదు. దెబ్బను దాచరాదనుటకు ఇదియొక గట్టి కారణము.

దెబ్బ లేదని తెలిసినప్పుడు తామే లేచు ఉపాయము పెద్దలకు ముందుగానే నేర్పియుంచవలెను. ప్రక్కకు ఒత్తిగిలి, మోచేతులపై ఆని, మోకాళ్లమీదికి వచ్చి, దగ్గరనున్న గట్టి కుర్చీవరకు పాకి, దానిపై చేతులు వేసి, బలమైన కాలిని ముందుకు పెట్టి లేవవలెను. పసితనమున మనమందరము లేచుట నేర్చినది ఇట్లే గదా!

కట్టు విప్పిన తరువాత బతుకమ్మ పండుగ వచ్చినది. అత్తగారు తమ చెల్లెలింటికి బయలుదేరిరి. ఒప్పందము ప్రకారము మేమడ్డు చెప్పలేదు. సద్దులనాటికి నేనును పిల్లలును పోయితిమి. ఆ సాయంకాలము ముసలివారును పడుచువారును కలిసి చప్పట్లు చరచుచు, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు ప్రక్కకు వేయుచు గుండ్రముగా తిరుగుచుండగా, కాళ్లకు నిలుకడ నేర్పుటకు ఇంతకంటె ముచ్చటయైన సాధన మరియొకటి ఉండునా యని నాకు తోచినది. మా అత్తగారు కర్రను గోడకు చేర్చి రెండు పాటల సేపు ఆడిరి. బతుకమ్మను సాగనంపుటకు చెరువుకడకు పోయినప్పుడు మాత్రము, తడిసిన మెట్లను చూచి, "గా మెట్లు నాకొద్దు, నువ్వెయ్ బిడ్డా" అని తామే గట్టుపై నిలిచిపోయిరి. మేమెవ్వరమును వారింపలేదు. మాన్పించు భయము లేనప్పుడు, ఎక్కడ ఆగవలెనో పెద్దలకే తెలియును.

కార్తికమున ఒకనాటి తెల్లవారుజామున వాకిటనుండి పెద్ద కేక వినబడినది. "బిడ్డా, పడ్డనే! జల్ది రా!" నేను పరుగెత్తి చూచితిని. అలుకు చల్లిన నేలపై జారి కూలబడియుండిరి. దెబ్బలేమియు లేవు. చేతులు బురద, ముగ్గుగిన్నె బోర్లపడి యున్నది. మా వీధి అంతయు వినునట్లు తాము పడిన మాట చెప్పిన ఆ కేక నా చెవికి మంగళవాద్యమువలె తోచినది. ఆనాటినుండి నీరు చల్లుట నా వంతు. ఆరిన పిమ్మట ముగ్గువేయుట వారి వంతు.

సోదరీమణులారా! మీ ఇంట అత్తగారో, తల్లిగారో, అమ్మమ్మయో, తాతగారో ఉందురు. ఈ పత్రికను ప్రక్కనుంచి, వారియొద్ద కూర్చుండి, "ఈ యేడు మీరెప్పుడైన పడితిరా?" అని మెల్లగా అడుగుడు. పడినందుకు కోపగింపమనియు, నడక మాన్పింపమనియు ముందుగా మాట యిచ్చి అడుగుడు. వారు చెప్పిన చోటికి పోయి, ఆ నేలను, ఆ మెట్టును, ఆ చీకటిని మీ కన్నులతో చూడుడు. సరిచేయవలసినది అక్కడనే మీకు కనబడును.